గదికొక దీపం, సూదికొక దీపం

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా పగలంతా మామిడిదే. తోటల్లో కాయ కోత, రకాల వారీగా ఏరడం, పెట్టెల్లో సర్దడం; ఇళ్లల్లో ఆవకాయ ముక్కలు, మాగాయ ఎండబెట్టడం, తాండ్ర. పొద్దుగూకేదాకా ఆడవాళ్ల చేతులకు ఖాళీ ఉండదు. పెళ్లి ముహూర్తాలు కూడా ఆ వైశాఖ జ్యేష్ఠాల్లోనే గుమిగూడతాయి. పెళ్లంటే మగ్గం వర్కు జాకెట్లు, చీరలకు ఫాల్సు, పికోలు, కొంగుకు కుచ్చులు, పిల్లల పట్టులంగాలకు అంచులు. ముహూర్తం ఎవరికోసమూ ఆగదు గనక సూదిపని రాత్రిళ్లలోకి జరుగుతుంది. ఈ ప్రాంతంలో నవంబరు చివర అయిదున్నరకే పొద్దు గూకుతుంది. జూన్ చివరైనా సూర్యుడు ఆరూ ముప్పావు దాటి నిలవడు. అక్కణ్నుంచి పదింటిదాకా, సీజన్లో ఆ పైన కూడా, పని మొత్తం దీపం మీద ఆధారపడుతుంది. ఆ దీపం ఎలాంటిది కావాలి, ఎక్కడుండాలి అని అడిగితే ఇంట్లో దొరికే జవాబు సాధారణంగా ఒకటే: ‘కనబడటం లేదా, పెద్ద బల్బు వేయిద్దాం.’ ఆ జవాబు తప్పు. సూదిపనికి బల్బు పరిమాణం కంటే బల్బు దూరం ముఖ్యం. దాన్ని ఇంటి సామానులో కలిపేయకుండా కత్తెర, టేపుల పక్కన పనిముట్టుగా లెక్కగట్టడం అంతకంటే ముఖ్యం. ఈ రెండు మాటలకూ ఆధారాలేమిటో, వాటికి ఎదురొచ్చే అభ్యంతరాల్లో పస ఎంతో చూద్దాం.

ముందు వెలుగు లెక్క కొంచెం తెలియాలి. బల్బు మొత్తం మీద వెదజల్లే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. పని జరిగే చోట పడే వెలుగును లక్సుల్లో కొలుస్తారు. మీటరు దూరంలో ఉన్న గుడ్డ మీద ఒక కొవ్వొత్తి వేసే వెలుగు సుమారు ఒక లక్స్. బల్బు డబ్బా మీద వాట్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, ల్యూమెన్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి, లక్సులు అసలుండవు. ఉండటానికి వీల్లేదు కూడా, ఎందుకంటే అవి బల్బుకీ గుడ్డకీ మధ్య దూరాన్ని బట్టి మారిపోతాయి. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్లకు సూచించిన అంకెల్లో వంటగదికి 200 లక్సులు, కూర్చునే గదికి 300 ఉంటే కుట్టుపనికి 700 ఉంది. దుస్తుల తయారీలో కుట్టుకి ఐరోపా ప్రమాణం 750. అంటే కుట్టే చేతికి కావలసిన వెలుగు, అదే గదిలో కూర్చుని కబుర్లు చెప్పేవాళ్లకు కావలసిన వెలుగుకి రెట్టింపు పైమాటే. అదీ మామూలు కుట్టుకి. మెరూన్ పట్టు మీద మెరూన్ దారంతో గొలుసుకుట్టు వేయాలంటే ఆ అంకె కూడా చాలదు.

ఇప్పుడు మన ఇళ్లల్లో అందేదెంతో చూడండి. బజార్లో దొరికే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 800 నుంచి 900 ల్యూమెన్లు ఇస్తుంది. అది నేరుగా కిందికి పంపే వెలుగు సుమారు వంద కొవ్వొత్తుల పాటి ఉంటుందనుకుందాం. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగోవంతుకు పడిపోతుందన్నది బళ్లో చదివిన సూత్రమే. ఆ బల్బు తలపైన కప్పుకి ఉండి ఒళ్లో ఉన్న గుడ్డకి రెండు మీటర్ల దూరమయితే, గుడ్డ మీద నేరుగా పడేది 25 లక్సులు. గోడలకి తెల్ల సున్నం ఉంటే అవి తిప్పి పంపేది కలుపుకుని 50 దాకా రావచ్చు. ఆ బల్బునే కిందికి దించి గుడ్డకి 40 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి: 625 లక్సులు. బల్బు అదే, కరెంటు అదే. వెలుగు 25 రెట్లు పెరిగింది. ఇంట్లోవాళ్లు ప్రతిపాదించే పెద్ద బల్బు, అంటే 18 వాట్లది, కప్పుకి వేస్తే వచ్చేది 50, గోడల సాయంతో 100. ట్యూబులైటు సంగతీ అంతే: గది మొత్తం బాగా కనిపిస్తుంది, సూది బెజ్జం కనిపించదు. గదిని 700 లక్సులకి తీసుకురావాలంటే సినిమా షూటింగుకి పెట్టినన్ని దీపాలు కావాలి. సూది చుట్టూ జానెడు స్థలాన్ని 700కి తీసుకురావడానికి అయిదారు వాట్లు చాలు.

ఇందులో మనకే ప్రత్యేకమైన చిక్కొకటుంది. ఆ ప్రమాణాల లెక్కల్లో పని బల్లెత్తున, అంటే నేల నుంచి ముప్పాతిక మీటరు ఎత్తున, జరుగుతుందని ఊహ. మన దగ్గర చేతికుట్టు, లేసు అల్లిక, చాలాచోట్ల మగ్గం వర్కు కూడా నేలమీద కూర్చుని చేసేవే. దీపం 2.4 మీటర్ల ఎత్తున ఉంటే బల్ల మీది గుడ్డకి దూరం 1.65 మీటర్లు, నేల మీద కూర్చుని ఒళ్లో పెట్టుకున్న గుడ్డకి 2.15. ఆ అర మీటరుకే వెలుగులో దాదాపు 40 శాతం పోతుంది. పైగా మన ట్యూబులైట్లు గది మధ్యలో ఉండవు. గోడకి, సాధారణంగా టీవీకి ఎదురు గోడకో పక్క గోడకో ఉంటాయి. కుట్టే మనిషి గోడకి చేరగిలబడి కూర్చుంటుంది, దీపం ఆమె నెత్తిమీద, వెనక గోడకి ఉంటుంది, ఆమె తల నీడ ఆమె పని మీదే పడుతుంది. ఇంట్లో ఉన్న వెలుగులో అతి తక్కువ వాటా దక్కేది, దానితో అందరికంటే ఎక్కువ అవసరమున్న మనిషికే అన్నమాట.

దీనికి మొదటి అభ్యంతరం మన పెద్దవాళ్ల నుంచే వస్తుంది. కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని, లాంతరు పెట్టుకుని మేం కుట్టలేదా, ఇన్ని లక్సుల లెక్కలు చూశామా అంటారు. ఈ మాటని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, ఎందుకంటే లెక్క వేస్తే వాళ్ల పక్షాన కొంత నిజం తేలుతుంది. లాంతరు వెలుగు అయిదారు కొవ్వొత్తుల పాటిది. దాన్ని మోకాలి పక్కన 40 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుంటే గుడ్డ మీద పడేది 30 లక్సుల పైచిలుకు. కప్పుకి వేలాడే 9 వాట్ల బల్బు నేరుగా ఇచ్చే 25 కంటే అది కాస్త ఎక్కువే! వెలుగులో దాదాపు ఇరవై రెట్లు పెద్దదైన దీపం, కేవలం దూరం వల్ల లాంతరుతో సమానమయింది. ఐరోపాలో లేసు అల్లేవాళ్లు కూడా ఈ కిటుకు ఎరిగినవాళ్లే. కొవ్వొత్తి ముందు నీళ్లు నింపిన గాజుబుడ్డి పెట్టి, ఆ వెలుగుని ఒడిసిపట్టి అల్లిక మీదికి మళ్లించేవాళ్లు. కాబట్టి పెద్దవాళ్ల అనుభవం చెప్పేది ‘తక్కువ వెలుగు చాలు’ అని కాదు, ‘దీపం దగ్గరుండాలి’ అని. మరి దగ్గరున్న దీపం పైకెందుకు పోయింది? దానికీ కారణాలున్నాయి. లాంతరు పక్కన పట్టుగుడ్డ అంటే మంట భయం, తెల్లదారానికి మసి భయం. తరవాత వచ్చిన 60 వాట్ల ఫిలమెంటు బల్బు, తిన్న కరెంటులో తొంభై శాతం పైన వేడిగా కక్కేది. మే నెల ఉక్కలో దాన్ని చెంప పక్కన పెట్టుకుని కుట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని దీపం కప్పెక్కింది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంతో ఎల్‌ఈడీ ఇంటింటికీ వచ్చింది. 2014లో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర 2016కల్లా 38కి దిగింది. 2021లో పాత బల్బు ఇస్తే పది రూపాయలకే ఎల్‌ఈడీ ఇచ్చే గ్రామ ఉజాలాకి ఎంచుకున్న తొలి అయిదు చోట్లలో మన విజయవాడా ఉంది. మంట లేదు, మసి లేదు, వేడి నామమాత్రం. దీపాన్ని దూరంగా ఉంచాల్సిన కారణాలన్నీ పోయాయి, కానీ కొత్త బల్బు పాత హోల్డర్లోకే వెళ్లింది. ఇంట్లో బల్బు మారింది గాని దాని చోటు మారలేదు.

చోటు ఎందుకు మారలేదన్న దానికి జవాబు వెతికితే విషయం విద్యుత్తు నుంచి కూలి లెక్కల్లోకి పోతుంది. ఇందుకు మన రాష్ట్రంలో దగ్గరి సాక్ష్యం నరసాపురం లేసు. 19వ శతాబ్దం మధ్యలో క్రైస్తవ మిషనరీలు ఈ అల్లికను గోదావరి డెల్టాలో నేర్పారు. అది ఆ చుట్టుపక్కల ఊళ్లల్లో ఇంటింటి పనయింది, విదేశాలకి సరుకయింది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర అక్కడ పరిశోధన చేసి 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం వేశారు. ఆమె తేల్చిన ముఖ్యమైన సంగతి ఇదీ: ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న ఈ స్త్రీలను కార్మికులుగా ఎవరూ చూడలేదు, ఇంట్లో తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకునే గృహిణులుగానే చూశారు, కూలి కూడా ఆ లెక్కనే కట్టారు. కాలక్షేపానికి ప్రత్యేకంగా దీపమెందుకు? ఉన్న వెలుగులో ఒక మూల కూర్చుంటే సరిపోదా? ఈ ఆలోచన లేసుతో ఆగలేదు. ఈనాడు పెళ్లి జాకెట్టు మగ్గం వర్కుకి వేలల్లో బేరం నడుస్తుంది. రాళ్లకి, ముత్యాలకి, చమ్కీలకి, జరీకి లెక్క రాసుకుంటారు. దీపం మాత్రం ఆ చిట్టాలో ఉండదు, అది ఇంటి కరెంటు బిల్లులో కలిసిపోతుంది. పనిని పనిగా చూసే చోట, అంటే పట్నంలో షెడ్డు వేసి నలుగురు కారీగర్లను పెట్టి నడిపే దుకాణాల్లో, ఫ్రేము మీదికి దించిన దీపాలు కనిపిస్తాయి. యజమానికి వాళ్ల మీద ప్రేమ పొంగి కాదు. కుట్టు తప్పితే విప్పి మళ్లీ వేయడానికి పట్టే గంటలు అతని జేబులోంచి పోతాయి గనక. ఇంట్లో కుట్టే మనిషికి పోయేవి ఆమె నిద్ర గంటలు, వాటికి ఖరీదు ఎవరూ కట్టరు.

ఇక్కడ ఒక అతిశయోక్తిని వదిలించుకోవాలి. మసక వెలుగులో కుడితే కళ్లు పోతాయని అందరూ అంటారు. పెద్దవాళ్ల కళ్లు తక్కువ వెలుగు వల్ల శాశ్వతంగా చెడిపోతాయనడానికి ఆధారం లేదు. కళ్లు అలుస్తాయి, రెప్పవేయడం తగ్గి పొడిబారతాయి, తలనొప్పి వస్తుంది, నిద్రపోతే తగ్గుతుంది. భయం పెట్టి దీపం కొనిపించడం కంటే జరిగే నష్టం ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పడం మంచిది. పోయేది పని, మెడ. బాగా కనబడనప్పుడు మనిషి గుడ్డని కంటికి దగ్గరగా తెచ్చుకుంటుంది, లేదా గుడ్డ ఫ్రేముకి బిగించి ఉంటే తనే వంగుతుంది. ఆ వంపులో రెండు గంటలు గడిస్తే మెడ, భుజాలు పట్టేస్తాయి. ఇక పని సంగతి. బ్రిటన్లో హెచ్.సి. వెస్టన్ 1930లు, 40లలో చేసిన ప్రయోగాలు ఈ రంగానికి పునాది. సన్నని వలయాల్లో ఖాళీ ఎటువైపు ఉందో గుర్తుపట్టమని, వెలుగు మారుస్తూ, వేగాన్నీ తప్పుల్నీ కొలిచాడాయన. వెలుగు పెరిగేకొద్దీ పని మెరుగవుతుంది, కానీ ఒక స్థాయి దాటాక ఆ మెరుగు తగ్గుతూ పోతుంది. వస్తువు సన్నగా ఉండి, రంగులో తేడా లేకపోతే, ఎంత వెలుగు పోసినా పెద్ద స్పష్టమైన వస్తువు చూసినంత బాగా చూడలేం. మన పనికి ఇందులో రెండు పాఠాలున్నాయి. 50 లక్సుల నుంచి 600కి వెళితే లాభం చాలా ఉంటుంది, 600 నుంచి 2000కి వెళితే అంత ఉండదు. నల్ల గుడ్డ మీద నల్ల దారానికి వెలుగు పెంచినా తీరని ఇబ్బంది మిగులుతుంది, దానికి ఉపాయం వేరే చూడాలి. రంగు తేడా పెంచే ఉపాయాల్లో తేలికైనది కింద పరిచే గుడ్డ ఎంపిక: తెల్లదారంతో లేసు అల్లేటప్పుడు ఒళ్లో ముదురురంగు తువ్వాలు పరచుకుంటే ప్రతి కన్నూ విడిగా కనిపిస్తుంది, పైసా ఖర్చుండదు.

బలమైన అభ్యంతరం మరొకటుంది: అసలు లోపం దీపంలో లేదు, కంటిలో ఉంది, నలభై దాటిన మనిషికి కావలసింది అద్దాలు గాని బల్బు కాదు అని. ఇందులో చాలా నిజముంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996-2000 మధ్య చేసిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో పశ్చిమ గోదావరి పల్లెలు కూడా ఉన్నాయి. ముప్పై దాటిన గ్రామీణుల్లో సగానికి పైగా చత్వారం ఉందని అందులో తేలింది. అద్దాలు ఇస్తే ఏమవుతుందో అస్సాం తేయాకు తోటల్లో కొలిచారు. నలభై దాటిన 751 మంది మీద జరిగిన ఆ పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి: దగ్గరి చూపు అద్దాలు పెట్టుకున్నవాళ్ల ఆకు కోత, పెట్టుకోనివాళ్లతో పోలిస్తే 20 శాతం పైగా పెరిగింది. బంగ్లాదేశ్ పల్లెల్లో చేతిపనులవాళ్లు కూడా ఉన్న మరో పరీక్షలో ఆదాయమే మూడోవంతు పెరిగినట్టు 2024లో ప్రకటించారు. తేయాకు కంటే సూది ఎంత సన్నమో వేరే చెప్పక్కర్లేదు. కనుక వరసలో అద్దాలే ముందు. అయినా దీపం వాదన దీనితో పడిపోదు. వయసుతో కంటిపాప ముడుచుకుంటుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది. అరవై ఏళ్ల మనిషి రెటీనాకు చేరే వెలుగు, ఇరవై ఏళ్లవాళ్లకు చేరేదాంట్లో మూడోవంతే. అద్దాలు చూపుని సరిచేస్తాయి గాని ఈ లోటు పూడ్చలేవు. అద్దాల్లేనివాళ్లకీ మంచి వెలుగు కొంత సాయమే: వెలుగు పెరిగితే కంటిపాప సన్నమవుతుంది, బొమ్మ కొంత తేటపడుతుంది. సూదిలో దారం ఎక్కించడానికి పెద్దవాళ్లు గుమ్మంలోకి వెళ్లడంలోని రహస్యం ఇదే. అద్దాల విషయంలో ఒక్క జాగ్రత్త: రోడ్డు పక్కన దొరికే రెడీమేడ్ అద్దాలు పుస్తకం పట్టుకునే దూరానికి పనికొస్తాయి. ఫ్రేము మీద వంగి చేసే పనికి ఆ దూరం వేరు, కుట్టుమిషను సూదికి వేరు. పరీక్షకి వెళ్లినప్పుడు ఆ దూరాన్ని చేత్తో చూపించాలి.

దీపం దగ్గరికి తెచ్చామనుకుందాం. ఎటువైపు పెట్టాలన్నది అసలైన నేర్పు. మామూలు సూత్రం తెలిసిందే, కుడిచేతివాటమయితే ఎడమవైపు నుంచి, ఎడమచేతివాటమయితే కుడివైపు నుంచి. మగ్గం వర్కులో ఇది కాస్త జటిలమవుతుంది. చెక్క ఫ్రేముకి గుడ్డ బిగించి ఉంటుంది, పైన కుడిచేతిలో ఆరి సూది, గుడ్డ కింద ఎడమచేతిలో దారం. సూది కొన గుడ్డలో దిగి, కిందనున్న దారాన్ని కొక్కెంతో పట్టుకుని పైకి లాగి, ముందు కుట్టు కన్నంలోంచి తేవాలి. ఆ కొక్కెం కనబడకపోతే దారం చీలుతుంది. కాబట్టి దీపం మనిషి వెనక ఉండకూడదు. ఫ్రేముకి అవతలివైపు ఎడమగా, కంటి ఎత్తు కంటే కిందుగా, రేకు షేడు లోపల దాగి ఉండాలి. షేడు తప్పనిసరి. బల్బు నేరుగా కంటబడితే కంటిపాప దానికి తగ్గట్టు ముడుచుకుని గుడ్డ మరింత నల్లగా కనిపిస్తుంది. పట్టు, జరీ, చమ్కీలతో వచ్చే ఇంకో తంటా మెరుపు. దీని పరీక్ష చాలా తేలిక: పని చేసే చోట గుడ్డ మీద చిన్న అద్దం పరచండి, మామూలుగా కూర్చుని చూడండి, అద్దంలో బల్బు కనబడితే జరీలో కూడా అదే కనబడుతుంది. అద్దంలోంచి బల్బు తప్పుకునేదాకా దీపాన్ని పక్కకి జరపాలి. నల్ల మీద నల్లకి దీన్ని తిరగేసి వాడుకోవచ్చు. దీపాన్ని బాగా కిందికి దించి గుడ్డ మీద ఏటవాలుగా వేస్తే రంగు తేడా లేకపోయినా దారం గట్టులా లేచి, తన నీడతో తానే కనిపిస్తుంది.

ఫ్యాను సంగతి పుస్తకాల్లో ఉండదు గాని మన ఇళ్లల్లో దాన్ని వదిలి మాట్లాడలేం. కప్పు దీపం ఫ్యానుకి పైన ఉంటే తిరిగే రెక్కల నీడ క్షణానికి చాలాసార్లు పని మీదుగా కొట్టుకుపోతుంది. మే నెలలో ఫ్యాను ఆపమనడం కుదరదు. దగ్గరి దీపం ఫ్యానుకి కిందుంటుంది, నీడ గొడవే ఉండదు. అలాగని దగ్గరి దీపం ఒక్కటే వేసుకుని గది చీకటి చేసుకోవడం కూడా పొరపాటే. తలెత్తినప్పుడల్లా కన్ను చీకటికి, దించినప్పుడల్లా వెలుగుకి సర్దుకోవలసి వచ్చి త్వరగా అలుస్తుంది. గదిలో ట్యూబులైటు వెలగనివ్వండి. దాని పని గదికి చాలు.

రంగుల దగ్గర ఎల్‌ఈడీ మీద ఫిర్యాదు న్యాయమైనదే. మ్యాచింగ్ సెంటర్లో జాకెట్టు ముక్క తీసుకున్న ఆడవాళ్లు దాన్ని కొట్టు గుమ్మంలోకి తెచ్చి ఎండలో చీర పక్కన పెట్టి చూసేది ఊరికే కాదు. తెల్ల ఎల్‌ఈడీ అంటే నీలం వెలుగు, దాని మీద పసుపు పూత. చవక బల్బుల్లో ముదురు ఎరుపు పాలు తక్కువగా ఉంటుంది. దాంతో కుంకుమరంగు, మెరూన్, వంకాయరంగు ఒకదానికొకటి దగ్గరపడతాయి. రాత్రి సరిపోయిందనుకున్న దారం పొద్దున్న వేరుగా తేలుతుంది. రంగుల విశ్వసనీయతకి సీఆర్ఐ అనే కొలత ఉంది, పగటి వెలుగుకి అది 100. మామూలు బల్బులు 80 దగ్గర ఉంటాయి, 90 దాటినవి కొంచెం ఖరీదు ఎక్కువైనా దొరుకుతాయి; సూదిపనికి ఆ తేడా పెట్టుబడి పెట్టదగిందే. మనవాళ్లు ఇష్టపడే 6500 కెల్విన్ల నీలితెలుపు బల్బు ఎక్కువ వెలుగిస్తున్నట్టు అనిపిస్తుంది గాని కొలిస్తే అంత తేడా ఉండదు. 4000 దగ్గరున్న మధ్యరకం రంగుకీ కంటికీ నయం. ఇన్ని చేసినా దారం ఎంపిక మాత్రం పగలే చేసి పెట్టుకోవాలి. రాత్రికి కుట్టడం మిగలాలి, ఎంచడం కాదు.

మిగతా శంకలు చిన్నవి. ఎల్‌ఈడీ నీలం వెలుగు కళ్లని తినేస్తుందన్న ప్రచారం ఇంటి బల్బుల విషయంలో నిలవదు. పడుకోబోయే ముందు చాలాసేపు గట్టి తెల్లవెలుగు కింద ఉంటే నిద్ర ఆలస్యమవుతుందన్నది మాత్రం నిజం. చవక బల్బుల్లో 50 సైకిళ్ల కరెంటు వల్ల క్షణానికి వందసార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. కంటికి తెలియకపోయినా కొందరికి తలనొప్పి తెస్తుంది. ఫోను కెమెరాని బల్బు వైపు దగ్గరగా పెట్టి చూస్తే తెరమీద నల్లచారలు పాకుతాయి, అలాంటి బల్బు పని దగ్గర వద్దు. తొలకరి పడ్డాక తోటల పక్క ఇళ్లల్లో ఉసుళ్ల బెడద ఉంటుంది. పురుగుల్ని నీలితెలుపు కంటే పసుపు వెలుగు తక్కువ పిలుస్తుంది, ఆ పది రోజులు 3000 కెల్విన్ల బల్బు మార్చుకుంటే సరి. ఈదురుగాలికి తోటల్లో కాయ రాలిన రాత్రే కరెంటు కూడా పోతుంది. అందుకని బ్యాటరీ ఉన్న దీపం మంచిదే, అయితే ఛార్జీ తగ్గేకొద్దీ వెలుగు తగ్గుతూ పోయే రకాలుంటాయి, అప్పుడు పని ఆపడమే లాభం.

చివరి అభ్యంతరం డబ్బుది. ఇది నిలవదు. 9 వాట్ల బల్బు రోజుకి నాలుగు గంటల చొప్పున నెలంతా వెలిగితే ఖర్చయ్యేది ఒక యూనిట్ పైచిలుకు. మెడ వంగే క్లిప్పు దీపం కొన్ని వందల్లో వస్తుంది. అదీ వద్దనుకుంటే మంచి వైరు, హోల్డరు, రేకు షేడు తెచ్చి ఊళ్లో ఎలక్ట్రీషియను చేత దూలం నుంచి దించుకుంటే ఇంకా తక్కువే. ఒక్క పెళ్లి జాకెట్టు చేతి కూలిలో చిన్న భాగంతో తీరిపోయే ఖర్చు. తీరనిది అలవాటు: ఆ ఖర్చు పెట్టవలసిన పని అది అని ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి కుట్టే మనిషే, ఒప్పుకోకపోవడం. పని ఒప్పుకునేటప్పుడు రాళ్లకి, ముత్యాలకి రాసే చీటీలో దీపానికీ కరెంటుకీ ఒక వరస చేరిస్తే ఆ అలవాటు కదులుతుంది. ‘రేపు పొద్దుటికల్లా కావాలి’ అని జాకెట్టు ఇచ్చి వెళ్లేవాళ్లు ఆ వరసకి బేరమాడకూడదు.

ఈ విషయంలో చేయగలిగినవాళ్లు ఇంట్లోవాళ్లే కాదు. మహిళలకు కుట్టు శిక్షణ ఇచ్చి మిషన్లు పంచే పథకాలు మన రాష్ట్రంలో ఏళ్లుగా ఉన్నాయి. మిషనుతో పాటు, అయస్కాంతంతో దానికి అతుక్కునే చిన్న దీపం కూడా ఇవ్వాలి. శిక్షణలో ఒక పూట దీపం ఎటు పెట్టుకోవాలో నేర్పాలి. ఊళ్లల్లో కంటి శిబిరాలు పెట్టేవాళ్లు దూరపు చూపు అక్షరాలు చదివించి పంపేయకుండా, సూదిపని చేసే మనిషి చేతికి సూదీ దారం ఇచ్చి, ఆమె పట్టుకునే దూరంలోనే చూపు పరీక్షించి అద్దాలు ఇవ్వాలి. మామిడి సీజను మొదలయ్యేలోపే, అంటే మార్చిలోనే, నూజివీడు వైపు ఇవి జరిగితే ఆ ఏటి పెళ్లిళ్ల పనికే ఉపయోగపడతాయి.